నెమ్మదించిన కంప్యూటర్ వేరు, చెడిపోయిన కంప్యూటర్ వేరు: డబ్బు దేని మీద పెట్టాలి?

జూన్ వచ్చిందంటే మా ఇంటికి ల్యాప్‌టాప్‌లు వస్తాయి. తిరుపతిలో ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబులో పదిహేనేళ్లకు పైగా పనిచేస్తున్నానని మా వీధిలో అందరికీ తెలుసు. పిల్లల కౌన్సెలింగులు, హాస్టళ్లు మొదలయ్యే వేళకు అటక మీది పాత ల్యాప్‌టాప్ దింపి, దుమ్ము తుడిచి, సంచిలో వేసుకుని వస్తారు. అందరూ అడిగేది ఒకటే: “సార్, దీన్ని బాగుచేయించమంటారా, కొత్తది కొనమంటారా?”

నేను ఎదురు ప్రశ్న వేస్తాను. “ఇది నెమ్మదిగా నడుస్తోందా, ఉన్నట్టుండి ఆగిపోతోందా?” వచ్చినవాళ్లకు రెండూ ఒకటే. “పనిచేయడం లేదు సార్” అంటారు, అంతే. కానీ ఇవి రెండు వేర్వేరు జబ్బులు. నెమ్మదించిన కంప్యూటర్‌లో చాలాసార్లు ఒక్క భాగం మిగతావాటిని వెనక్కి లాగుతుంటుంది. అది మారిస్తే యంత్రం ఇంకో నాలుగేళ్లు హాయిగా పనిచేస్తుంది. ఉన్నట్టుండి ఆగిపోయేది, ఒక రోజు వెలిగి ఒక రోజు వెలగనిది అలా కాదు. అందులో దుమ్ము, ర్యామ్, చార్జరు లాంటి చిన్న కారణాలు లేవని తేలాక మిగిలేది మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ బిగించి ఉండే ప్రధాన పలక. దాని మీద పెట్టే డబ్బుకు పూచీ ఎవరూ ఇవ్వరు.

జనం మాత్రం సరిగ్గా తలకిందులుగా చేస్తారు. నెమ్మదించినదాన్ని సగం ధరకో పావు ధరకో అమ్మేసి కొత్తది కొంటారు. బోర్డు పోయినదాన్ని మూడుసార్లు రిపేరు చేయిస్తారు. ఈ రెండో తప్పు నేనూ చేశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పది నిమిషాల పరీక్ష

కంప్యూటర్ ఆన్ చేసి, రోజూ మీరు చేసే పని ఏదైతే ఉందో అదే మొదలుపెట్టండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు సమాచారం ఉండే చోటు), డిస్క్ (ఫైళ్లన్నీ దాచుకునే చోటు) అని గ్రాఫులు ఉంటాయి. ఏమీ ముట్టుకోకుండా కాసేపు వాటినే చూడండి. ఏ గీత పైకెక్కి దిగనంటోందో అక్కడే ఉంది ఇబ్బంది.

డిస్క్ 100 శాతం దగ్గర బిగుసుకుపోయి, సీపీయూ 10, 15 శాతం దగ్గర కునుకు తీస్తుంటే హార్డ్ డిస్క్ మార్చాల్సిందే. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇవే. మెమరీ 90 శాతం దాటిందంటే ర్యామ్ చాలడం లేదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సామాను డిస్క్ మీదికి తరలిస్తుంది కాబట్టి డిస్క్ గీత కూడా పైకెక్కుతుంది. రెండూ నిండుగా కనిపిస్తే అన్నీ మూసేసి ఒక్క బ్రౌజర్ మాత్రం తెరిచి చూడండి. మెమరీ దిగినా డిస్క్ దిగకపోతే తప్పు డిస్క్‌దే.

సీపీయూ 100 శాతం కనిపిస్తే ప్రాసెసర్ పాతబడిందని వెంటనే తీర్పు చెప్పకండి. అదే పేజీలో స్పీడ్ అని ఒక అంకె, బేస్ స్పీడ్ అని మరో అంకె ఉంటాయి. మొదటిది రెండోదానికన్నా బాగా తక్కువగా ఉందంటే ప్రాసెసర్‌ను ఏదో తొక్కిపట్టి ఉంచింది. ఒకసారి ఒక డిగ్రీ విద్యార్థి వచ్చాడు. ప్రాసెసర్ పోయింది, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కో అని ఎవరో చెప్పారట. స్పీడ్ చూస్తే 0.39 గిగాహెర్ట్జ్. చార్జరు పిన్ను పీకి చూశాను. అంకె రెండు దాటింది. అసలు చార్జరు పోతే రోడ్డు పక్కన దొరికిన నకిలీ చార్జరు కొన్నాడు. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు తమది కాని చార్జరును గుర్తుపట్టి, ప్రాసెసర్‌ను కనిష్ఠ వేగానికి దించేస్తాయి, బ్యాటరీని కూడా చార్జి చేయవు. సరైన చార్జరుతో ఆ కుర్రాడి పని అయిపోయింది.

తొక్కిపట్టే రెండో కారణం వేడి. మన ఊళ్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కుంకుమ రంగు దుమ్ము

గాంధీ రోడ్డు వైపు పూజా సామగ్రి అమ్మే ఒక దుకాణం వాళ్ల బిల్లింగ్ కంప్యూటర్ మే నెలలో రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆగిపోయేది. మళ్లీ నాలుగింటికి తనంతట తానే బాగయ్యేది. “దీనికి కూడా మధ్యాహ్నం నిద్ర కావాలేమో అన్నా” అన్నాడు దుకాణదారు. పక్క పలక విప్పాను. ప్రాసెసర్ మీద అల్యూమినియం రెక్కల దిమ్మ, దాని మీద ఫ్యాను ఉంటాయి. ఫ్యాను తీస్తే రెక్కలు కనిపించలేదు. వాటి మధ్య సందులన్నీ మూసేసి, ముద్ద కట్టిన దుమ్ము పొర ఒకటి కంబళి ముక్కలా ఊడి చేతికొచ్చింది. ఇటుక రంగులో ఉంది. ఏళ్లుగా గాలిలో తేలిన కుంకుమ, పసుపు, సాంబ్రాణి మసి అన్నీ అందులో ఉన్నాయి. కింద ప్రాసెసర్‌కూ దిమ్మకూ మధ్య ఉండాల్సిన థర్మల్ పేస్టు ఎండిపోయి సుద్దముక్కలా రాలింది.

పెయింటింగ్ కుంచెతో దులిపి, పాత పేస్టు తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టాను. అంతకుముందు పని ఎక్కువైనప్పుడు 97 డిగ్రీలు చూపిన ప్రాసెసర్ 66 దగ్గర నిలబడింది. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల చుట్టుపక్కలకు రాగానే తమ వేగం తామే తగ్గించుకుంటాయి, అయినా దిగకపోతే ఆగిపోతాయి. బయట నలభై దాటిన ఎండలో రేకుల కప్పు కింద ఉన్న కంప్యూటర్‌కు ఆ హద్దు ఎంతో దూరం కాదు.

డెస్క్‌టాప్ అయితే ఈ పని మీరే చేసుకోవచ్చు. ప్లగ్గు పీకి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని దులపండి. బ్లోయర్ గాలికి ఫ్యాను గిరగిరా తిరిగితే దాని బేరింగు దెబ్బతింటుంది. ల్యాప్‌టాప్ అయితే అలవాటున్నవాళ్లకు ఇవ్వడమే మంచిది. లోపలి రిబ్బన్ తీగలు తమలపాకు కన్నా సున్నితం. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, అడుగు ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం లోపల బ్యాటరీ ఉబ్బింది. చార్జి పెట్టకండి, నొక్కి మూయకండి, ముందు ఆ బ్యాటరీ తీయించండి.

ఎస్ఎస్‌డీ ముందా, ర్యామ్ ముందా?

ఒకే ఒక్కటి కొనగలిగితే, లోపల ఇంకా తిరిగే హార్డ్ డిస్క్ ఉన్నట్టయితే, ఎస్ఎస్‌డీ (చిప్పులతో చేసిన డిస్క్) కొనండి. నేను తడుముకోకుండా చెప్పే సలహా ఇది ఒక్కటే.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ల్యాప్‌టాప్‌లలో పాత హార్డ్ డిస్క్ నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావాల్సిన సమాచారం ఉన్న గీత దగ్గరికి ముల్లు జరగడానికి దాదాపు అంతే పడుతుంది. ఆ చోటు ముల్లు కిందికి తిరిగి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి. మొత్తం మీద సెకనుకు అరవై డెబ్బై చోట్లకు మించి వెళ్లిరాలేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు తెరుస్తుంది. లగేజీ కౌంటర్లో ఒకే మనిషి, వేల సంచులు, ఒక్కో చీటీకి ఒక్కోసారి లోపలికి వెళ్లి రావాలి. అక్కడ వరుస ఎలా పెరుగుతుందో మనకు చెప్పనక్కర్లేదు. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. సెకనుకు వేలల్లో ఇలాంటి అభ్యర్థనలు తీరుస్తుంది. హార్డ్ డిస్క్ చోట్లోనే పట్టే మామూలు సాటా ఎస్ఎస్‌డీ అయినా సరే. అందుకే రెండు మూడు నిమిషాలు తీసుకునే విండోస్ పదిహేను ఇరవై సెకన్లలో తెరుచుకుంటుంది.

ర్యామ్ కథ వేరు. చాలినంత ఉన్నవాళ్లకు ఇంకా వేస్తే పెద్దగా తేడా ఉండదు. చాలనివాళ్లకు కొంచెం వేసినా ప్రాణం లేచి వస్తుంది. 4 జీబీతో విండోస్ 11 నడుస్తుందని మైక్రోసాఫ్ట్ రాసుకుంది. నడవడం అంటే ఏమిటో దానితో ఒక పూట పనిచేస్తే తెలుస్తుంది. బ్రౌజర్, వర్డ్, పాఠాల వీడియోలు అనుకుంటే 8 జీబీ ఉండాలి. ప్రోగ్రామింగ్ చదివే ఇంజనీరింగ్ పిల్లలకు, ఫొటోషాప్ వాడేవాళ్లకు 16 ఉంటే నిశ్చింత.

ర్యామ్ కొనే ముందు టాస్క్ మేనేజర్‌లోనే మెమరీ మీద నొక్కండి. ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో చూపిస్తుంది. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘సోడిమ్’ అని ఉంటే మార్చుకోవచ్చు. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అది బోర్డుకే అతికించిన ర్యామ్, తీయలేరు. పక్కన ఖాళీ స్లాటు ఉందా అన్నది మాత్రమే మీకు మిగిలిన ఆశ. ర్యామ్ తరాలైన డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఇంకొకటి పట్టవు. గాడి చోటే వేరు. డీడీఆర్3లో ఇంకో మెలిక ఉంది. 1.5 వోల్టులది, 1.35 వోల్టులది చూడడానికి ఒకటే. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లకు రెండోదే కావాలి. చీటీ మీద డీడీఆర్3 లేక పీసీ3 తర్వాత ‘ఎల్’ అక్షరం ఉందో లేదో చూసుకోండి. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కృత్రిమ మేధ డేటా కేంద్రాలకే చిప్పుల్లో పెద్ద భాగం వెళ్తోంది. కాబట్టి “మా బావమరిది ఇంతకే కొన్నాడు” అనే పాత లెక్క పట్టుకుని దుకాణానికి వెళ్లకండి.

ర్యామ్ వల్ల వచ్చే మరో జబ్బు ఖర్చు లేకుండా పోతుంది. డెస్క్‌టాప్ ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు, బీప్ బీప్ అని కూత వినిపిస్తుంది. కరెంటు తీసేసి ర్యామ్ పలక బయటికి తీయండి. కింది అంచున బంగారు రంగు పళ్లు ఉంటాయి. కాస్త నల్లబడి కనిపిస్తాయి. పిల్లల పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా నెమ్మదిగా రుద్ది, రబ్బరు పొట్టు ఊది, రెండు చివరలా టక్కుమని చప్పుడొచ్చేలా బిగించండి. మా ల్యాబులో ఈశాన్య రుతుపవనాల తేమ తగిలాక ఏటా నాలుగైదు యంత్రాలు ఈ వైద్యంతోనే లేస్తాయి. దుకాణంలో దీనికి ఐదు వందలు ఇచ్చి వచ్చినవాళ్లు నాకు తెలుసు. తప్పనను, తెలిసినతనానికి కూలీ అది.

ఎస్ఎస్‌డీలలో ఏ రకం?

ఇది త్వరగా తేల్చేయవచ్చు. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ ఉన్న చోట రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పడుతుంది. వేగం సెకనుకు 550 మెగాబైట్ల దాకా. కాస్త కొత్త యంత్రాల్లో ఎం.2 అనే సన్నని స్లాటు ఉంటుంది. అందులో ఎన్‌వీఎంఈ రకం పడితే సెకనుకు 3,500 మెగాబైట్లు, ఆపైనే. అంకెల్లో ఆరు రెట్లు. హార్డ్ డిస్క్ నుంచి సాటాకు మారినప్పుడు ఎగిరి గంతేస్తారు, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు మామూలు ఆఫీసు పనిలో పెద్దగా కనిపెట్టలేరు. పెద్ద వీడియోలు కూర్చేవాళ్ల సంగతి వేరు. ఎం.2 ఆకారంలోనే సాటా రకమూ ఉంది. మీ స్లాటు ఏది ఒప్పుకుంటుందో మోడల్ నంబరుతో చూసుకోకుండా కొనవద్దు.

ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 250 జీబీ మంచి డిస్కులకు 100 టెరాబైట్లు, అంతకు మించి రాతకు కంపెనీ పూచీ ఇస్తుంది. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి ఏడు టెరాబైట్లు చిల్లర. అది అరిగేలోపే ల్యాప్‌టాప్ మూత విరుగుతుంది.

ఫార్మాట్ చేయిస్తే సరిపోదా?

ఎక్కడికి వెళ్లినా మొదట వినిపించే మందు ఇదే. విండోస్ తీసి మళ్లీ వేస్తారు. రెండు వారాలు బాగుంటుంది. వైరస్ ఉన్నా, తెలియక వేసుకున్న చెత్త ప్రోగ్రాములు పేరుకున్నా నిజంగానే పనిచేస్తుంది. కానీ డిస్క్ ఆయువు తీరినప్పుడు ఫార్మాట్ చేయడం, బీటలు వారిన గోడకు సున్నం వేయడం లాంటిది. పైగా రాతా చదువూ ఎక్కువై ఆ మిగిలిన ప్రాణమూ పోవచ్చు.

అందుకే ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము పెట్టి చూడండి. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టాను ఇది చదివి చూపిస్తుంది. నీలం రంగు ఉంటే సరే. పసుపు రంగు వచ్చి, 05 లేక సీ5 అనే వరుసల్లో అంకెలు కనిపిస్తే కొన్ని చోట్లు చెడిపోయాయని, ఇంకొన్ని చెడిపోయే దారిలో ఉన్నాయని అర్థం. ఆ క్షణం నుంచి మీరు చేయాల్సింది ఒక్కటే. ఫొటోలు, ధ్రువపత్రాలు, ప్రాజెక్టు ఫైళ్లు వేరే చోటికి ఎత్తుకోండి. లోపలి నుంచి టిక్కు టిక్కు అని చప్పుడు వస్తుంటే ఇంకా తొందర. ఎస్ఎస్‌డీనా, కొత్త ల్యాప్‌టాపా అన్న చర్చ మర్నాడు చేసుకోవచ్చు.

ఫార్మాట్ కన్నా ముందు చేయదగిన చిన్న పని మరొకటి ఉంది. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ పేజీ తెరిచి, కంప్యూటర్‌తో పాటు తామూ లేచి కూర్చునే ప్రోగ్రాముల్లో మీకు అక్కర్లేనివి ఆపేయండి. ఇక కంప్యూటర్ తేదీ పదేపదే పాత సంవత్సరానికి వెళ్లిపోయి, ఏ వెబ్‌సైటూ తెరుచుకోకపోతే అది వైరస్ కాదు. బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది.

మదర్‌బోర్డు మీద నేను పోగొట్టుకున్నది

మా చెల్లెలి ల్యాప్‌టాప్ ఒక రోజు వెలగడం మానేసింది. కొని ఆరేళ్లయింది. ఒక రిపేరు దుకాణంలో ఇస్తే బోర్డులో చిప్పు పోయిందని 3,500 తీసుకుని బాగుచేసి ఇచ్చారు. ఏడు వారాలు నడిచింది. మళ్లీ ఆగింది. “ఇది వేరే చిప్పు” అన్నారు, ఇంకో 2,800. ఈసారి నాలుగు వారాలు. “అన్నయ్యా, ఇంత పెట్టాం కదా, ఇప్పుడు వదిలేస్తే ఎలా?” అంది చెల్లెలు. నాకూ అలాగే అనిపించి మూడోసారి ఇచ్చాను. మొత్తం లెక్క చూస్తే అప్పటి మార్కెట్‌లో మంచి పాత ల్యాప్‌టాప్ ఒకటి వచ్చేది. రిపేరు చేసినవాళ్ల తప్పని అనను. ఆరేళ్ల బోర్డులో ఒక చోట అతుకు వదిలిందంటే పక్క చోట్లూ అదే వేడిని అదే కాలం భరించి ఉంటాయి.

అప్పటి నుంచి నేను పాటించే కొలత ఇది. యంత్రం వయసు ఐదేళ్లు దాటి, బోర్డు రిపేరు ఖర్చు అలాంటిదే పాత యంత్రం ధరలో మూడో వంతు మించితే రిపేరు వద్దు. మూడేళ్ల లోపుదై, ఖరీదైనదై, మూడు నెలల పూచీ రాసి ఇస్తే ఒక్కసారి చేయించవచ్చు. రెండోసారి మాత్రం వద్దు. డిస్క్, ర్యామ్ తీసి పెట్టుకుని మిగతాది వదిలేయండి. నీళ్లు తాగిన బోర్డుకైతే ఆ ఒక్కసారి కూడా అనుమానమే. 2021 నవంబరు వరదల్లో నేల మీద పెట్టిన డెస్క్‌టాప్‌లు ఎన్నో మునిగాయి. ఆరబెట్టి, కడిగి వెలిగించినవి కొన్ని వెలిగాయి కూడా. నాకు తెలిసినవి ఆరు నెలల్లో తుప్పుతో ఒక్కొక్కటే పోయాయి. డెస్క్‌టాప్ అయితే ఒక ఇటుక ఎత్తు మీదైనా పెట్టుకోవడం మేలు.

విండోస్ గడప

ఇక్కడి నుంచి లెక్క మారుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు అదనపు భద్రతా నవీకరణలు 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామన్నారు. దానికి సెట్టింగులలో నమోదు చేసుకోవాలి. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్లు కావాలి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ ఉండాలి. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాము మీది పనికొస్తుందో లేదో చెప్పేస్తుంది.

తరం తెలుసుకోవడం సులువు. ఐ5-7200యూ అని ఉంటే గీత తర్వాతి 7 ఏడో తరం. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. ఈ రెంటి మధ్య తేడా ఒక్క అంకె అనుకోవద్దు. సన్నని ల్యాప్‌టాప్‌ల ఐ5లో ఏడో తరం దాకా ప్రాసెసర్‌లో రెండు కోర్లే ఉండేవి, ఎనిమిదితో నాలుగయ్యాయి. కాబట్టి ఎనిమిది, ఆపై తరాల యంత్రం నెమ్మదించిందంటే ధైర్యంగా ఎస్ఎస్‌డీ, ర్యామ్ రెండూ వేయించండి. అంతకు తక్కువదైతే ఎస్ఎస్‌డీ ఒక్కటి వేసి ఆపండి. రేపు ఆ ఎస్ఎస్‌డీని వేరే యంత్రంలోకి మార్చుకోవచ్చు. పాత ర్యామ్ మాత్రం కొత్తదానికి పనికిరాకపోవచ్చు.

ఏడో తరానికి, అంతకన్నా పాతవాటికి విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల లినక్స్ మింట్ మంచి దారి. బ్రౌజర్, ఉత్తరాలు, పిల్లల పాఠాలు చక్కగా నడుస్తాయి. తెలుగు టైపింగూ వస్తుంది. అయితే పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ వాళ్లకు ఈ సలహా ఇవ్వలేను. విండోస్ మీద నడిచే అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ మీద ఏళ్ల పని వాళ్లకు ఉంటుంది. వాళ్లు ఆ పాత యంత్రాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకుండా అలాగే ఉంచుకుని, బయటి ఉత్తరాలకు, బ్యాంకు పనులకు వేరొకటి పెట్టుకోవడం నయం.

కొత్తదా, ఒకరు వాడి వదిలినదా?

కొనక తప్పదని తేలాక అసలు పోటీ ఈ రెంటి మధ్యే. చాలామంది ఇంట్లో జరిగే వాదన ఇది. తండ్రి కొత్తది, పూచీ ఉన్నది కావాలంటాడు. కొడుకు కంపెనీల నుంచి వచ్చిన పాతదైనా మంచి ప్రాసెసర్ కావాలంటాడు. తక్కువ డబ్బు చేతిలో ఉన్నప్పుడు నేను కొడుకు పక్షం.

ఎందుకంటే అందరికన్నా చౌకగా దొరికే కొత్త ల్యాప్‌టాప్‌లలో సెలెరాన్ రకం బలహీనమైన ప్రాసెసర్, 4 జీబీ అతికించిన ర్యామ్, 64 లేక 128 జీబీ ఈఎంఎంసీ నిల్వ ఉంటాయి. ఈఎంఎంసీ అంటే బోర్డుకు అతికించిన మెమరీ కార్డు అనుకోండి. ఏదీ మార్చలేరు, ఏదీ పెంచలేరు. దీని పక్కన ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ, ఎస్ఎస్‌డీ ఉన్న ఒక ఆఫీసు ల్యాప్‌టాప్ పెట్టి రెంటిలోనూ పది పేజీలు తెరిచి చూడండి. నేను చూపించాను. తండ్రులు కూడా ఒప్పుకున్నారు.

పాతది కొనేటప్పుడు మాత్రం అరగంట తీరిక చేసుకుని వెళ్లండి. ఆన్ చేయగానే ఎఫ్2 (కొన్ని కంపెనీలవాటిలో వేరే మీట) నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల పేజీలోకి, వెళ్లగలరో లేదో చూడండి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే వద్దనండి. విండోస్ మొదటిసారి వేసేటప్పుడు ఏదైనా కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే ఆ యంత్రం ఇంకా వాళ్ల అదుపులోనే ఉంది, అదీ వద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్’ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో బ్యాటరీ పుట్టినప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం రెండూ ఉంటాయి. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించమని అడగండి. తెర మీద పూర్తి తెల్లని పేజీ పెట్టి మచ్చలు చూడండి. ప్రతి యూఎస్‌బీ రంధ్రంలోనూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మీ బడ్జెట్ కాస్త పెద్దదై, నాలుగేళ్ల ఇంజనీరింగ్ మొత్తం దాని మీదే నడవాల్సి ఉంటే అప్పుడు కొత్తదే తీసుకోండి. ర్యామ్ స్లాటు ఒక్కటైనా ఖాళీగా ఉన్న మోడల్ వెతకండి. ఇంట్లో బల్ల మీదే ఉండేదైతే, దుకాణంలో బిల్లులకైతే డెస్క్‌టాప్ మించినది లేదు. ఏ భాగం పోతే ఆ భాగమే మారుతుంది.

ఎక్కడ కొనాలి?

తిరుపతి వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్, చిత్తూరు వాళ్లకు బెంగళూరు ఎస్‌పీ రోడ్డు పెద్ద ఆకర్షణ. ఉదయం రైలెక్కి వెళ్లి సాయంత్రానికి సంచితో దిగేవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. నేనూ వెళ్లాను. రకాలు ఎక్కువ, బేరం ఆడవచ్చు. కానీ ఒక్క ఎస్ఎస్‌డీ కోసం వెళ్లడం వృథా. మిగిలేది చార్జీలకూ భోజనానికీ సరిపోతుంది. వస్తువు చెడిపోతే మళ్లీ అంత దూరం వెళ్లాలి. నాలుగైదు యంత్రాలకు ఒకేసారి సామాను కావాలంటే, పాత ల్యాప్‌టాప్ కళ్లతో చూసి ఏరుకోవాలంటే అప్పుడు వెళ్లండి.

విడి భాగాలకు ఆన్‌లైన్ ధర తక్కువే ఉంటుంది. ఊళ్లోని దుకాణంలో మూడు నాలుగు వందలు ఎక్కువ. ఆ తేడాలో బిగించే కూలీ, పాత డిస్క్‌లోని సరుకంతా కొత్తదానిలోకి యథాతథంగా ఎక్కించే పని కలిసి ఉంటే అది ఎక్కువ కాదు. పీలేరు, పుత్తూరు నుంచి వచ్చేవాళ్లకైతే నేను ఊరి దుకాణమే చెబుతాను. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు ఉండాలి. ఎస్ఎస్‌డీలకు మూడేళ్లు, ఐదేళ్లు పూచీ ఉంటుంది. బిల్లు లేకుండా వంద తగ్గిస్తామంటే ఆ పూచీని వందకు అమ్ముకున్నట్టే. నమ్మశక్యం కాని ధరకు ‘2 టీబీ పెన్‌డ్రైవ్’ అని కనిపించేవాటి జోలికి వెళ్లకండి. అవి 2 టీబీ అని అబద్ధం చెప్పేలా మార్చిన చిన్న చిప్పులు. నిండిన తర్వాత పాత ఫొటోల మీద కొత్తవి రాసుకుంటూ పోతాయి.

యూపీఎస్సా, ఇంటి ఇన్వర్టరా?

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు మాత్రమే ఈ ప్రశ్న. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు నెట్ సెంటర్లో కరెంటు పోతే ఏమవుతుందో తలచుకుంటేనే చెమట పడుతుంది. 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లు మోస్తుంది. ఒక డెస్క్‌టాప్, మానిటర్ పది పదిహేను నిమిషాలు ఆగుతాయి. పని దాచుకుని ఆపేయడానికి అది చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఇప్పటికే ఉంటే దాని వెనక ఒక చిన్న స్విచ్ వెతకండి. చాలా మోడళ్లలో యూపీఎస్ మోడ్ అని ఉంటుంది. అందులో పెడితే కరెంటు పోయినప్పుడు మారే సమయం బాగా తగ్గుతుంది, కంప్యూటర్ ఆగదు. వోల్టేజీ ఎక్కువగా ఎగిరిపడే పల్లెల్లో ఈ మోడ్‌లో ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీ మీదికి పోతుంది, అది దీని లోపం. అలాంటి చోట్ల విడిగా యూపీఎస్ కొనడమే మేలు. ప్రింటర్లలో లేజర్‌ను మాత్రం యూపీఎస్‌కు తగిలించవద్దు. వేడెక్కే క్షణంలో అది లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

ఇక ఎస్ఎస్‌డీ వేయించాక బయటికొచ్చే పాత హార్డ్ డిస్క్ సంగతి. దుకాణంలో వదిలేయకండి, అందులో మీ ఆధార్, బ్యాంకు కాగితాలు అన్నీ ఉంటాయి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో నీలం రంగు చూపించి ఉంటే రెండున్నర అంగుళాల యూఎస్‌బీ డబ్బా ఒకటి కొని అందులో బిగించండి, ఫొటోలకు రెండో నకలుగా పనికొస్తుంది. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బీరువాలో పడి ఉండడానికి ఎస్ఎస్‌డీ కన్నా ఇదే నయం. పసుపు రంగు చూపించి ఉంటే మూత విప్పి లోపలి పళ్లేన్ని మేకుతో గీసి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి. మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో చివరికి బతికి బయటపడింది డిస్క్ ఒక్కటే. ఆమె పెళ్లి ఫొటోలతో, పైన తేదీ రాసిన కాగితంతో మా బల్ల సొరుగులో ఉంది. ఏడాదికి ఒకసారి తగిలించి, ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూస్తాను.